గంతల వెంకట్రాజం

వరంగల్ కొత్తవాడలో నేల మీద పరిచే నూలు శెత్రంజీలు నేసే వెంకట్రాజానికి ఎడమ కన్ను సరిగా కనిపించదు. ఆ సంగతి ఇరవై ఏళ్ళు దాటేదాకా అతనికే తెలియదు.

పైకి చూస్తే ఆ కంట్లో లోపమేమీ లేదు. మెల్ల లేదు, పువ్వు లేదు, ఎరుపు లేదు. రెండు కళ్ళూ తెరుచుకుని తిరిగేవాడికి ఒకటి పని చేయకపోయినా తెలియదు, రెండోది ఆ లోటు కనబడనివ్వదు. చిన్నప్పుడు బంతి విసిరితే అతని చేతులు దానికి ముందో వెనకో మూసుకునేవి. గ్లాసులో నీళ్ళు వంచితే సగం గ్లాసు పక్కన పడేవి. "వీనికి చెయ్యి నిలకడ లేదు" అనేది తల్లి పోశవ్వ. వాడలో అందరూ అదే అనుకున్నారు. అతనూ అదే అనుకున్నాడు.

పంతొమ్మిది వందల డెబ్బయ్యో సంవత్సరంలో రైల్వేలో ఖలాసీలను తీసుకుంటున్నారని డోర్నకల్‌లో ఉండే మేనమామ కబురు పెట్టాడు. వెంకట్రాజం ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. పరుగెత్తమంటే పరుగెత్తాడు, బరువెత్తమంటే ఎత్తాడు. చివరికి కంటి పరీక్ష. ఎడమ కన్ను మూసి గోడ మీది బోర్డు చదవమన్నారు, గడగడా చదివాడు. అట్టముక్కను కుడి కంటి మీదికి మార్చి మళ్ళీ చదవమన్నారు. ఎదురుగా తెల్లటి మసక తప్ప అతనికి ఏమీ కనిపించలేదు. పరీక్ష అయిపోయి బోర్డు తీసేశారనుకున్నాడు.

"బోర్డు తీసేసిండ్రా సారూ?" అని అడిగాడు.

వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. అతను అట్ట తొలగించి చూశాడు. బోర్డు అక్కడే ఉంది.

ఉద్యోగం రాలేదు. తిరిగొచ్చాక అద్దాల దుకాణంలో ఎన్ని అద్దాలు మార్చి పెట్టినా ఆ మసక విడలేదు. కన్నేమో శుభ్రంగా ఉంది, చూపెందుకు లేదో నాకు అర్థం కావడం లేదని దుకాణపాయన చేతులెత్తేశాడు. వెంకట్రాజం మగ్గం గుంటలో కూర్చుని తండ్రి నేర్పిన పనే పట్టుకున్నాడు. ఒంటికన్నోడంటారని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయ్యాక భార్య చిలుకమ్మకు మాత్రం చెప్పాడు. ఆమె కొంగుతో అతని రెండు కళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి మూసి చూసి, "ఏ కంటితోనైతేంది, నన్నైతే చూస్తానవు గద" అంది. ఆ మాటతో అతని మనసు తేలికపడింది. కూతురు పుట్టింది. సరోజన అని పేరు పెట్టుకున్నారు.

సరోజన ఒకటో తరగతిలో చేరిన ఏడు ప్రపంచమంతా బాలల సంవత్సరం జరుపుతున్నారు. ఆ సందర్భంగా కంటి డాక్టర్లు బడులు తిరిగి పిల్లలను చూశారు. కొత్తవాడ బడికి వచ్చినాయన డాక్టర్ రాంచందర్. పాలకుర్తి దిక్కు రైతు కుటుంబంలో పుట్టి, చదువుకుని, వరంగల్‌లోనే పనిచేస్తున్న మనిషి. సాయంత్రం బడి పంతులు సారంగపాణి స్వయంగా వెంకట్రాజం ఇంటికి వచ్చాడు. మీ అమ్మాయి ఎడమ కన్ను మూస్తే పెద్ద అక్షరం కూడా చెప్పలేకపోయింది, రేపు దవాఖానకు తీసుకురమ్మన్నారు అని చెప్పాడు.

మగ్గం గుంటలో ఉన్న వెంకట్రాజం చేతిలో, పోగును అటూ ఇటూ తోసే నాడె అట్లాగే ఆగిపోయింది. కూతురిని పిలిచి తన అరచేతితో ఆమె ఎడమ కన్ను మూశాడు. "నా మొఖం కనవడుతాందా బిడ్డా?" అని అడిగాడు. ఆ పిల్ల చెయ్యి చాచి అతని మీసం తడిమి, నువ్వున్నావని తెలుస్తోంది గాని మసక మసకగా ఉందని చెప్పింది. ఎప్పటి నుంచి ఇట్లా ఉందో ఆమెకు తెలియదు. అందరికీ అంతేననుకుంది.

మర్నాడు దవాఖానలో రాంచందర్ ఆ పిల్లను చాలాసేపు చూశాడు. చుక్కల మందు వేసి, చీకటి గదిలో దీపం పట్టి కన్ను లోపలంతా పరీక్షించాడు. వెంకట్రాజం ఉండబట్టలేక తన రైల్వే కథంతా చెప్పేశాడు. డాక్టరు అతన్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టి చూశాడు. తర్వాత ముగ్గురినీ, అంటే తల్లిని, తండ్రిని, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"మీ ఇద్దరి కండ్లల్ల ఏ రోగం లేదు వెంకట్రాజం. కన్ను చూస్తే సరిపోదు, చూసింది మెదడుకు చేరాలె. తేడా ఆడున్నది" అని మొదలుపెట్టాడు.

ఆయన చెప్పింది ఇది. చిన్నపిల్లల మెదడులో దారులు అవసరానికంటే చాలా ఎక్కువగా పుడతాయి. రైతు మక్కజొన్న ఒత్తుగా వేసి, మొలకెత్తాక గట్టివి ఉంచి తక్కినవి పీకేస్తాడు కదా, మెదడూ అట్లాగే చేస్తుంది. ఏ దారిలో రాకపోకలు బాగా నడుస్తాయో దాన్ని బలపరుస్తుంది. నడవని దారిని తీసేస్తుంది. అది జబ్బు కాదు, ఎదుగుదల. పిల్లలకు మాట స్పష్టంగా వచ్చేదీ, చేతికి పని అలవడేదీ ఆ ఏరివేత వల్లనే. అయితే మెదడుకు మంచీ చెడూ తెలియదు, వాడకమే తెలుసు. సరోజన కుడి కంటికి పుట్టినప్పటి నుంచీ పవర్ తేడా ఉంది. అద్దాలు లేక ఆ కంటి నుంచి మసక బొమ్మే పోతోంది. ఎడమ కన్ను తేటగా చూపిస్తుంటే మెదడు మసక బొమ్మనెందుకు పట్టించుకుంటుంది? ఎడమ కంటి దారులు ఉంచుకుని కుడి కంటి దారులు తీసేస్తోంది. పిల్లి పిల్లల మీద పరీక్షలు చేసి ఈ సంగతి పైదేశాల్లో ఈ మధ్యనే తేల్చారు.

వెంకట్రాజం ముందుకు వంగాడు. "తీసేసిందా సారూ, తీసేస్తాందా?"

"తీసేస్తాంది. ఇంక అయిపోలే. పిల్లకు ఆరేండ్లే గద. జర్ర టైమున్నది."

"మరి నాది?"

"నీది అయిపోయింది. నీ చిన్నప్పుడు ఎవరన్న చూసి ఉంటే బాగుండు."

చిలుకమ్మ భర్త మొహంలోకి చూసింది. తర్వాత రోజుల్లో ఆమె చెప్పేది, ఆ క్షణంలో ఆయన ఏడుస్తాడనుకున్నానని. అతను ఏడవలేదు. ఇన్నేళ్ళకు తన కన్నుకేమయిందో చెప్పిన మనిషి దొరికినందుకు అతనికి ఏదో బరువు దిగినట్టే అయింది.

"నాది పోనీయుండ్రి. దీనికేం జెయ్యాలె?"

చేయవలసింది వినడానికి సులువు. కుడి కంటికి సరైన అద్దాలు పెట్టాలి. బాగున్న ఎడమ కంటికి పగలంతా గంత కట్టాలి. అప్పుడు మెదడుకు వేరే గతి లేక కుడి కంటి మాట వినడం మొదలుపెడుతుంది. నెలలు పడుతుంది. బాగున్న కన్ను దెబ్బతినకుండా చూసుకోవడానికి నెలనెలా వచ్చి చూపించుకోవాలి. కన్నుకు పని చెప్పాలి, చిన్న చిన్న వస్తువులు చూపించాలి. ఊరికే గంత కట్టి మూల కూర్చోబెడితే లాభం లేదు.

ఇంటికొచ్చి చెప్పగానే పోశవ్వ ఒప్పుకోలేదు. కనబడని కంటికి మందు వేయాలి గాని కనబడే కంటిని కట్టేయడమేమిటని కొడుకును నిలదీసింది. ఉన్న కన్ను కూడా పోతే దిక్కెవరంది. ఆ భయం చిలుకమ్మకూ లేకపోలేదు. అయినా నల్ల గుడ్డ తెచ్చి, నాలుగు మడతలు పెట్టి, అద్దాల కింద ఇమిడేలా గంత కుట్టింది.

గంత కట్టిన మొదటి పొద్దే సరోజన గడప తట్టుకుని పడింది. వీధిలో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్ల గోడ పట్టుకుని నడిచింది. బడిలో సారంగపాణి సారు ముందు వరసలో కూర్చోబెట్టినా పలక మీది అక్షరాలు ఆమెకు చీమల గుంపులా కనిపించాయి. అన్నంలో కూర ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. పిల్లలు ఆమె చుట్టూ చేరి ఒంటికన్ను రాకాసి అని పాట కట్టారు. ఇంటికొచ్చి నూలు చిలపల కుప్ప వెనక దాక్కుని, బడికి పోనని ఏడ్చింది. గంత లాగి పారేసేది. తల్లి మళ్ళీ కట్టేది. కట్టాక కూడా అంచు పైకి జరిపి సందులోంచి చూడడం నేర్చుకుంది.

దానికి తోడు పోశవ్వ. వెంకట్రాజం నూలు తేవడానికి బయటికి పోగానే ఆమె మనవరాలి గంత విప్పి రొండిలో దోపుకునేది. కొడుకు వచ్చే వేళకు మళ్ళీ కట్టేది. పిల్ల కష్టం ఆమె చూడలేకపోయింది. అందులో ఆమె తప్పేముంది?

నెల తిరిగాక దవాఖానకు పోతే కుడి కంటి చూపు ఏ మాత్రం మారలేదు. గంత నిజంగా కడుతున్నారా అని డాక్టరు అడిగాడు. చిలుకమ్మ దాచలేదు. ఇంట్లో జరిగేదంతా చెప్పింది. రాంచందర్ కోప్పడలేదు గాని ఒక మాటన్నాడు. "నేను ఈడ కూసోని చీటి రాసిస్త. కన్ను తెచ్చేది మాత్రం మీ ఇల్లే. పొద్దు మన కోసం ఆగదమ్మా."

ఆ మాట పక్కనుండి విన్న వెంకట్రాజం మర్నాడు పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చి భార్యతో, ఇంకొక గంత కుట్టు, జర పెద్దగ కుట్టు అన్నాడు. ఎవరికని ఆమె అడిగింది. అతను తన కుడి కన్ను చూపించాడు.

ఆ గంత కట్టుకుని మగ్గం దాకా నడవడానికి అతనికి గోడ ఆసరా కావలసి వచ్చింది. గుంటలోకి దిగబోయి మోకాలు కొట్టుకున్నాడు. పోశవ్వ నోరు తెరుచుకుని చూస్తోంది. గోడ పక్క నుంచి సరోజన మెల్లగా వచ్చింది.

"బాపూ, నీకు గూడ డాక్టర్ సారు చెప్పిండా?"

"చెప్పలే. నీకు తోడుంటనని నేనే కట్టుకున్న."

"నీ కన్ను గూడ మంచిగయితదా?"

అతను అబద్ధం చెప్పదలచుకోలేదు. "నాది కాదు బిడ్డా. నా టైమయిపోయింది. నీదే అయితది. గని నాకు ఈ పోగులు కనవడుతలేవు. నువ్వు జర వచ్చి చూస్తవా?"

ఆమె అతని పక్కన కూర్చుంది. అతనికి రంగులు తెలుస్తున్నాయి. ఎరుపెక్కడో నీలమెక్కడో చెప్పగలడు. పోగులు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి తడిసిన కాగితంలా ఉన్నాయి. పడుగులో ఎక్కడో పోగు తెగింది. తండ్రీ కూతుళ్ళు ముక్కులు నూలుకు ఆనించి వెతికారు. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. అతను పట్టుకున్నది తెగిన పోగు కాదు, ఆమె పట్టుకున్నదీ కాదు. వంటింట్లోంచి చూస్తున్న చిలుకమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వు విని వాళ్ళిద్దరూ నవ్వారు. గంత కట్టాక సరోజన నవ్వడం అదే మొదలు.

పొద్దెక్కుతుండగా ఆమె చిన్న వేలితో ఒకచోట మెల్లగా గీరి, "గిదే బాపూ" అంది. వెంకట్రాజం తడిమి చూశాడు. అవును, అదే. చిలుకమ్మను పిలిచి ఆమె చేత కూడా చూపించుకుని నిర్ధారించుకున్నాడు. ఆమె ఆ కొస పట్టుకుని ముడి వేసింది.

ఆ రోజు నుంచి పొద్దటి పూట అతనూ గంత కట్టుకునేవాడు. మధ్యాహ్నం విప్పి తన పని తాను చేసుకునేవాడు. గంతతో నేసిన మొదటి శెత్రంజీ అంచు పాములా వంకరపోయింది, చారలు ఒకచోట లావుగా ఒకచోట సన్నగా వచ్చాయి. దాన్ని ఇంట్లోనే పరుచుకున్నారు. కూతురిని బడిలో దింపేటప్పుడు కూడా అతను గంత తీయలేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని, కాళ్ళతో నేలను వెతుక్కుంటూ పోతుంటే అరుగుల మీది వాళ్ళు పిలిచి అడిగేవారు, తండ్రీ బిడ్డలు గంతలు కట్టుకుని ఎక్కడికి పోతున్నారని. "కంటికి తొవ్వ ఏస్తానం" అని చెప్పి ముందుకు పోయేవాడు. గంతల వెంకట్రాజం అన్న పేరు అప్పుడే పడింది. ఎగతాళికే పెట్టారు. అతను ఆ పేరుకు పలికాడు.

తండ్రే కట్టుకుని తిరుగుతుంటే బిడ్డను ఏడిపించడంలో పిల్లలకు రుచి తగ్గింది. కొద్దిరోజులకు వాళ్ళే పాత గుడ్డపేలికలు కళ్ళకు కట్టుకుని సరోజనతో ఆడటం మొదలుపెట్టారు. ఆ ఆటలో గెలిచేది సరోజనే. మసకలో తిరగడం ఆమెకు అప్పటికే అలవాటైపోయింది.

పోశవ్వ ఎప్పుడు మారిందో ఎవరూ గమనించలేదు. ఒక సాయంత్రం ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే మనవరాలు పక్కన కూర్చుని, గంత జరపకుండా, ఆ మసక కంటితోనే ఒక రాయి ఏరి ముసలామె చేతిలో పెట్టింది. పోశవ్వ ఆ రాయిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. మర్నాటి నుంచి గంతకు కాపలా ఆమెదే. కనకాంబరాలు తెచ్చి దండ కట్టమనేది. చింతపండులో గింజలు తీయించేది. పిల్ల అంచు జరిపి సందులోంచి చూసిందో, "ఏందే, దొంగచూపా?" అని గద్దించేది. తానే ఒకప్పుడు ఆ గంత విప్పి దాచానన్న సంగతి ఎవరైనా గుర్తుచేస్తే ఒప్పుకునేది కాదు.

తర్వాతి పరీక్షలో సరోజన బోర్డు మీది పెద్ద అక్షరం చెప్పింది. ఆ మరుసటి నెల దాని కింది వరస. ఒక నెల ఏమీ కదల్లేదు, ఇంటిల్లిపాదీ దిగులుపడ్డారు. ఆ తర్వాత ఒకేసారి రెండు వరసలు కిందికి దిగింది. బడిలో పలక మీది చీమలు మళ్ళీ అక్షరాలయ్యాయి. సారంగపాణి సారు ఆమెను ముందు వరస నుంచి లేపి వెనక్కి పంపితే, ఆ పూట ఆమె ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎక్కడా గోడ పట్టుకోలేదు.

డాక్టరు గంత కట్టే వేళ తగ్గిస్తూ వచ్చాడు. మరుసటి ఏడు చలికాలంలో ఇంకా మిగిలిన ఒక పరీక్ష కోసం రమ్మన్నాడు. అందుకోసం ఒక పుస్తకం తెప్పించి ఉంచాడు. తెరిస్తే లోపల ఒక పెద్ద ఈగ బొమ్మ. రంగు అద్దాల్లాంటివి సరోజన కళ్ళకు పెట్టి, ఆ ఈగ రెక్కలు పట్టుకో అన్నాడు.

ఆమె చెయ్యి ముందుకు చాచి, వెంటనే వెనక్కి లాక్కుంది. ఈగ మీదికొస్తోందంది. డాక్టరు ధైర్యం చెప్పాక మెల్లగా రెండు వేళ్ళు చాచింది. ఆ వేళ్ళు పుస్తకం దాకా పోలేదు. కాగితానికి బాగా పైన, గాలిలో ఆగి, అక్కడ లేనిదాన్ని చిటికెతో పట్టుకున్నాయి.

చిలుకమ్మ గాబరాపడింది. పిల్ల మళ్ళీ సరిగా చూడలేకపోతోందనుకుంది. డాక్టరు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మంచిగయిందమ్మా. పిల్ల రెండు కండ్లు కలిసి పనిచేస్తానయి. రెండు కలిస్తేనే ఆ రెక్కలు పైకి లేచి కనవడుతయి."

వెంకట్రాజం ఆ అద్దాలు అడిగి పెట్టుకున్నాడు. అతనికి కనిపించింది కాగితం మీద అతుక్కున్న ఈగ బొమ్మ, అంతే. తల అటూ ఇటూ తిప్పి చూశాడు. బొమ్మ లేవలేదు.

"ఏడున్నయి బిడ్డా రెక్కలు?"

"గీడ బాపూ." ఆమె అతని వేలు పట్టుకుని గాలిలో ఒకచోట ఆనించింది. "తగుల్తలేవా?"

అతని వేలికి ఏమీ తగల్లేదు. తన బతుకులో ఎన్నడూ చూడనిది, ఇక ముందు చూడబోనిది తన కూతురికి కనిపిస్తోందని అప్పుడు అర్థమైంది. వేలు అక్కడే ఉంచి పెద్దగా నవ్వాడు. బయట బెంచీల మీద కూర్చున్న రోగులు తలలు తిప్పి చూసేంతగా నవ్వాడు. చిలుకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, ఆమె కళ్ళ నిండా నీళ్ళు. డాక్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

పోచమ్మ మైదాన్ దగ్గర బస్సు దిగి నడుస్తుంటే అతను కూతురిని అడుగుతూనే ఉన్నాడు. ఆ బండి నొగ ముందుకొచ్చినట్టుందా, ఆ కొమ్మ మిగతా కొమ్మలకంటే దగ్గరగా ఉందా అని. ఆమె చెప్పింది చెప్పినట్టు విన్నాడు. ఇంటి ముందు పోశవ్వ ఎదురొస్తే, "అవ్వా, నా బిడ్డ గెలిచింది" అని మాత్రం అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే వెంకట్రాజం ఒక పిల్ల తండ్రిగానే మిగిలేవాడు. అతను ఊరుకోలేకపోయాడు. కొత్తవాడలో ఇంకెంతమంది పిల్లలు తమ కన్ను సంగతి తమకే తెలియక తిరుగుతున్నారో అన్న ఆలోచన అతన్ని వదల్లేదు. రాంచందర్ దగ్గరికి పోయి, పిల్లల కళ్ళు ఒక్కొక్కటే మూసి ఎట్లా చూడాలో నేర్చుకున్నాడు. డాక్టరు అతనికొక చార్టు ఇచ్చి, చూడడం వరకే నీ పని, తేడా కనిపిస్తే నా దగ్గరికి పంపు అని చెప్పాడు. ప్రతి జూన్‌లో కొత్త పిల్లలు బడిలో చేరగానే సారంగపాణి సారు కబురు పెట్టేవాడు. వెంకట్రాజం మగ్గం ఆపి, చార్టు చంకన పెట్టుకుని పోయేవాడు. కొన్నేళ్ళకు మట్టెవాడ నుంచి, దేశాయిపేట నుంచి కూడా పంతుళ్ళు పిలవసాగారు.

అందరూ మాట వినలేదు. పక్క వీధి మొండయ్య చిన్న కూతురికి బడి వయసు కూడా రాలేదు. ఆమె తలవంచి చూసే తీరు వెంకట్రాజానికి నచ్చక, ఒకసారి చూపించమన్నాడు.

"నా బిడ్డకు లేని రోగం అంటగట్టకు. నీ గంతల యాపారం నీ ఇంట్ల పెట్టుకో" అన్నాడు మొండయ్య.

వెంకట్రాజం వాదించలేదు. పిల్లతో ఆడేటప్పుడు ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను నీ చేత్తోనే మూసి చూడు, అంతకంటే నేనేం అడగనని చెప్పి వచ్చేశాడు. మొండయ్య ఆ సాయంత్రం బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎడమ కన్ను మూశాడు. పిల్ల బొమ్మతో ఆడుకుంటూనే ఉంది. కుడి కన్ను మూశాడు. పిల్ల కెవ్వుమని అతని చెయ్యి పీకేసింది. మళ్ళీ ఎడమ కన్ను మూస్తే ఊరుకుంది, కుడి కన్ను మూస్తే ఏడ్చింది. కనబడే కన్నును మూస్తే ఏ పిల్లయినా ఊరుకోదు. మర్నాడు తెల్లవారగానే మొండయ్య బిడ్డను భుజానేసుకుని వెంకట్రాజం వాకిట్లో నిలబడ్డాడు. వెంకట్రాజం చొక్కా తొడుక్కుని వాళ్ళతో దవాఖానకు బయల్దేరాడు. ఆ పిల్ల చూపు సరోజనకంటే తొందరగా వచ్చింది. ఎంత చిన్న వయసైతే దారులంత మెత్తగా ఉంటాయని డాక్టరు చెప్పాడు.

కొన్నిసార్లు వేళ మించిపోయేది. పదిహేనేళ్ళు దాటిన యాదగిరి అనే కుర్రాణ్ణి చూసి, నెలల తరబడి ప్రయత్నించి, డాక్టరు ఇక లాభం లేదన్నాడు. ఆ పిల్లవాడు తల పట్టుకుని కూర్చుంటే వెంకట్రాజం అతన్ని తన మగ్గం దగ్గరికి తీసుకుపోయాడు. తన ఎడమ కంటి సంగతి చెప్పాడు. ఒక్క కంటితో నేసిన శెత్రంజీల దొంతర చూపించి, వీటిలో ఒక్క వంకర దొరికితే చెప్పమన్నాడు. యాదగిరి చాలాసేపు వెతికాడు. తర్వాత మగ్గం పని నేర్చుకుంటానని అతనే అడిగాడు, నేర్చుకున్నాడు కూడా.

ఎనభయ్యో దశకం గడిచేకొద్దీ కొత్తవాడ తల్లులకు ఒక అలవాటు పడింది. చంటిపిల్లలతో ఆడేటప్పుడు ఒక కన్ను మూసి, మరొక కన్ను మూసి చూసేవారు. వాళ్ళలో కొందరికి వెంకట్రాజం పేరు కూడా తెలియదు. సరోజన పదో తరగతికి వచ్చింది. అద్దాలు పెట్టుకునే తిరిగేది గాని రెండు కళ్ళూ చార్టులో ఒకే వరస దాకా పోయేవి. జూన్‌లో తండ్రితో పాటు బడికి పోయి, భయపడే చిన్నపిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఆమె నవ్వుతూ మూస్తే వాళ్ళు ఏ కన్నయినా మూయనిచ్చేవారు.

ఎనభై ఎనిమిదిలో, వానాకాలం మొదట్లో, నర్సంపేట బస్సులో ఒకావిడ నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని వచ్చింది. పేరు మొగిలమ్మ, కూలి పని చేసుకుంటుంది. కొత్తవాడలో దిగి గంతల వెంకట్రాజం ఇల్లెక్కడని అడిగితే నలుగురూ దారి చూపించారు. ఆమెకు ఎవరు చెప్పారో అడిగితే, చెల్లెలి అత్తగారి ఊళ్ళో ఎవరో అన్నారంది. పోశవ్వ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఏం ఫికర్ చేయకమ్మా అంటూ మనవరాలి కథంతా మొదలుపెట్టింది. ఆ కథ పూర్తయ్యేలోగా వెంకట్రాజం పిల్లవాడి కళ్ళు చూశాడు.

రాంచందర్ అప్పటికి బదిలీ మీద వెళ్ళిపోయాడు. దవాఖానలో కొత్త డాక్టరమ్మ. ఆమె పిల్లవాణ్ణి పరీక్షించి, చేతులు కడుక్కుని వచ్చి, మీరు బాబుకేమవుతారని వెంకట్రాజాన్ని అడిగింది.

"ఏం కానమ్మా. వీళ్ళకు తొవ్వ తెల్వదంటే తోలుకొచ్చిన."

"నాలుగేళ్ళకే తెచ్చారు. చాలా మంచి టైమ్. ఈ కన్ను తప్పకుండా వస్తుంది" అంది డాక్టరమ్మ.

మొగిలమ్మకు ఆ మాట సగమే అర్థమైంది. ఆమె వెంకట్రాజం వైపు తిరిగింది. అతను ఆమె చేతిలోంచి పిల్లవాణ్ణి తీసుకుని భుజానికెత్తుకున్నాడు. "వస్తదంటాంది చెల్లే. గంత ఎట్ల కట్టాలె, ఏం పని చెప్పాలె, అంత నేను చెప్త పా" అంటూ బయటికి నడిచాడు. పిల్లవాడు అతని భుజం మీది నుంచి దవాఖాన వరండాలో ఉన్నవాటన్నిటినీ వేలితో చూపిస్తూ పేర్లు చెబుతున్నాడు.